దారిలోని సూది

నాలుగేళ్ళ క్రితం మాట. చలికాలంలో ఒకనాటి వేకువన ఫజ్ర్ నమాజుకు నిలుచున్నాను. ఇంతలో కరెంటు పోయి గది చీకటైంది. నేను ఎటూ కదలలేదు. అయినా ఒళ్ళు ఒక పక్కకు తూలింది. గోడ అందుకుని నిలదొక్కుకున్నాను. దీపం వెలిగించుకుని మళ్ళీ నిలబడితే ఏ తూలుడూ లేదు. నిద్ర చాలలేదని సరిపెట్టుకున్నాను.

కొద్దిరోజుల తర్వాత బడి నుంచి నడిచి వస్తుండగా నా విద్యార్థిని ఒకతె వెనకనుంచి పరుగెత్తుకొచ్చింది. "టీచర్, మీ చెప్పు అక్కడే పడిపోయింది" అంది. చూసుకుంటే నా కుడికాలికి చెప్పు లేదు. చెప్పు జారిన సంగతి పాదానికి తెలియలేదు. దారిలోని కంకర గుచ్చుకున్న సంగతీ తెలియలేదు. ఆ రాత్రి నాకు నిజంగా భయం వేసింది.

అప్పటికి తొమ్మిదేళ్ళుగా మధుమేహం ఉంది. కాళ్ళ తిమ్మిరి దాని వల్లనేనని నాకు నేనే తీర్మానించుకున్నాను. నీరసానికి మందుల దుకాణంలో ఐరన్, ఫోలిక్ ఆసిడ్ మాత్రలు కొనుక్కుని ఏడాదిపాటు మింగాను. వైద్యురాలు నా మాటలన్నీ విని, పాదాలు దగ్గరగా పెట్టి కళ్ళు మూసుకుని నిలబడమన్నారు. నిలబడలేకపోయాను. రక్తపరీక్షలో బి12 విటమిన్ ఉండవలసిన స్థాయికి చాలా దిగువన ఉన్నట్లు తేలింది.

"మాంసం వండని వారం లేని ఇల్లు మాది. మాకు బి12 లోపమేమిటి డాక్టరమ్మా?" అని అడిగాను. మన ఇళ్ళలో చాలామందికి కలిగే సందేహమే ఇది. తిన్నంత మాత్రాన సరిపోదని ఆమె చెప్పారు. ఆహారంలోని బి12ను ఇముడ్చుకోవడానికి జీర్ణాశయం ఒక ప్రత్యేకమైన మాంసకృత్తును తయారుచేస్తుంది. ఆ రెండూ జతగా చిన్నపేగు చివరి భాగానికి చేరితేనే విటమిన్ రక్తంలోకి వెళుతుంది. ఈ ప్రయాణంలో ఎక్కడ ఆటంకం కలిగినా లోపం తప్పదు. కొందరిలో శరీరమే ఆ మాంసకృత్తును నాశనం చేసుకుంటుంది. కొందరికి కడుపు శస్త్రచికిత్స వల్ల, కొందరికి ఆమ్లాన్ని తగ్గించే మాత్రలు ఏళ్ళ తరబడి వాడటం వల్ల లోపం వస్తుంది. నావలె మెట్‌ఫార్మిన్ దీర్ఘకాలం వాడినవారిలోనూ ఇది కనిపిస్తుంది. కాలేయంలో కొన్నేళ్ళకు సరిపడే నిలువ ఉంటుంది గనుక లోపం మెల్లగా, చప్పుడు లేకుండా ముదురుతుంది. అలాగని మెట్‌ఫార్మిన్‌ను సొంతంగా మానరాదని ఆమె గట్టిగా హెచ్చరించారు.

చీకట్లో తూలడానికి కారణమూ అప్పుడే తెలిసింది. పాదం నేలమీద ఎలా ఆనిందో తెలిపే సమాచారం వెన్నుపాములోని వెనకభాగం గుండా మెదడుకు చేరుతుంది. బి12 కొరవడితే ఆ నరాల పైపొర దెబ్బతింటుంది. వెలుతురులో ఆ లోటును కళ్ళు పూడుస్తాయి. చీకటి పడితే ఆ ఆసరా కూడా పోతుంది.

నా ఫోలిక్ ఆసిడ్ మాత్రల సంగతి విని ఆమె నిట్టూర్చారు. భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం అమెరికాలో 1945లో కృత్రిమంగా తయారుచేసిన విటమిన్ అది. ఎందరికో ప్రాణం పోసింది. కానీ బి12 లోపం ఉన్నవారు అదొక్కటే వాడితే రక్తం మెరుగుపడినట్లు కనిపిస్తుంది, నరాల క్షయం మాత్రం లోలోపల సాగిపోతూనే ఉంటుంది. ఎర్రని స్ఫటికాల రూపంలో బి12 చేతికి చిక్కింది 1948లో. సుబ్బారావు గారు కన్నుమూసిన సంవత్సరం కూడా అదే. ఇంత శ్రమతో మనిషి విడదీసి తెలుసుకున్న రెండు మందుల మధ్య తేడాను నేను దుకాణం గల్లా దగ్గర ఒక్క నిమిషంలో చెరిపేశాను.

కొందరికి ఎక్కువ మోతాదు మాత్రలతోనే పని జరుగుతుందట. నరాలు దెబ్బతిన్నాయి గనుక నాకు ఇంజెక్షన్లు రాశారు. మొదట రోజు విడిచి రోజు, తర్వాత వారానికొకటి, ఆపైన నెలకొకటి. ఇది నా ఒంటిని చూసి నాకు రాసిన క్రమం. దీనిని చదివి ఎవరూ అనుసరించవద్దు.

మొదటి ఇంజెక్షన్ ఆస్పత్రిలోనే ఇచ్చి అరగంట కూర్చోబెట్టారు. అరుదుగానైనా కొందరికి మందు పడదు. దద్దుర్లు, పెదవుల వాపు, ఆయాసం, కళ్ళు తిరగడం వంటివి వస్తే అక్కడికక్కడే వైద్యం అందాలి. అందుకే మొదటి సూది ఎన్నడూ ఇంట్లో వేసుకోకూడదన్నారు.

అసలు చిక్కు ఆ తర్వాత మొదలయింది. ఆస్పత్రి దూరం. వీధి చివర ఉన్న ఆర్ఎంపీ మర్యాదస్తుడే, కానీ పరాయి పురుషుడు. ఆయన సూది వేసేది తుంటికి. అవసరం ఏర్పడినప్పుడు వైద్యుని ఎదుట అవసరమైనంత మేరకు సతర్ తొలగించడానికి ధర్మం అనుమతి ఇస్తుందని నాకు తెలుసు. ఆ మాట ఇతరులకు నేనే ఎన్నోసార్లు చెప్పాను. అయినా నా వంతు వచ్చేసరికి కాళ్ళు కదలలేదు. దానికి తోడు మా ఫుప్పు జ్ఞాపకం. చిన్నతనంలో జ్వరానికి తుంటికి వేసిన సూది నరానికి తగిలిందని, నాటినుంచి పాదం జారిపోయి ఈడ్చుకుంటూ నడిచిందని ఇంట్లో చెప్పుకునేవారు. తుంటి భాగంలో కాలికి వెళ్ళే పెద్ద నరం ఉంటుంది. చోటు తప్పితే ఆ ప్రమాదం నిజమే. సిగ్గూ భయమూ కలిసి నాచేత మూడు మోతాదులు ఎగ్గొట్టించాయి.

ఈ సంగతి వైద్యురాలితో చెప్పుకుంటే ఆమె కోప్పడలేదు. "తొడకు వేసుకోవచ్చు. అక్కడ పెద్ద నరాలకూ పెద్ద రక్తనాళాలకూ దూరంగా ఉండే బయటి కండరం ఉంది. మీ చేతికి అందుతుంది, మీ కంటికి కనిపిస్తుంది. నర్సు దగ్గర రెండు మూడుసార్లు నేర్చుకుని, ఆమె సరేనన్న తర్వాత ఇంట్లో మీరే వేసుకోండి" అన్నారు. నా సమస్యకు అల్లాహ్ చూపిన దారి అదేననిపించింది.

ఆమె మాటలో మొదటి సగం పట్టుకుని రెండవ సగం వదిలేశాను. నేర్చుకోవడానికి వెళ్ళడమే నామోషీ అనిపించింది. ఇరవై ఏళ్ళుగా పిల్లలకు పాఠాలు చెబుతున్నదాన్ని, ఇదొక విద్యా అనుకున్నాను. ఫోనులో ఒక వీడియో చూసి, తలుపు వేసుకుని, బిస్మిల్లాహ్ అని సూది గుచ్చాను. బిగపట్టిన కాలి మీద, మోకాలికి దగ్గరగా, తొడ ముందు భాగంలో గుచ్చాను. మందు ఒక్కసారిగా నెట్టేశాను. నొప్పి కణతలకెక్కింది. పైపెచ్చు ఆ చోటును గట్టిగా రుద్దాను. వారం రోజులు నల్లగా కమిలి, మెట్లు దిగలేక కుంటాను. అదృష్టవశాత్తు అంతకుమించి ఏమీ కాలేదు.

వైద్యం తెలియకుండా వైద్యం చేసి హాని కలిగించినవాడు దానికి జవాబుదారీ వహించాలన్న ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) బోధను దొంగవైద్యులకే వర్తింపజేస్తూ వచ్చాను. నా ఒంటిమీద నేనే తెలియని వైద్యం చేసుకుంటే? ఈ దేహం నా సొంత ఆస్తి కాదు, అమానతు. ఆ ఆలోచన రాగానే నామోషీ పక్కనబెట్టి రెండు వీధుల అవతల ఉండే స్టాఫ్ నర్సు ఇంటికి వెళ్ళాను. ఆమె కూతురు ఒకప్పుడు నా విద్యార్థిని.

"టీచరమ్మా, ముందు చేతులు కడుక్కోండి" అంటూ ఆమె పాఠం మొదలుపెట్టారు. ఆ సాయంత్రం ఆమె నేర్పినది నాకు అక్షరం అక్షరం గుర్తుంది. సబ్బుతో చేతులు కడుక్కోవాలి. చీటీలోని మందు పేరు, సీసా మీది పేరు, గడువు తేదీ సరిపోల్చాలి. మందులో నలకలు ఉన్నా, రంగు మారినా పారవేయాలి. బి12 సహజంగా ఎర్రగా ఉంటుంది గనుక ఎరుపు చూసి బెదరనక్కరలేదు. వెలుతురు తగిలితే అది చెడుతుంది కాబట్టి అట్టపెట్టెలోనే దాచాలి. గాజు సీసా మెడను గుడ్డతో పట్టుకుని మన నుంచి అవతలికి విరవాలి. సిరంజి, సూది ప్రతిసారీ కొత్తవే కావాలి. ఒకరు వాడినది మరొకరు వాడటం మాట అటుంచి, మనం వాడినదాన్ని మనమే మళ్ళీ వాడకూడదు.

చోటు గుర్తించడం ఆమె నా చేతనే చేయించారు. కుర్చీలో కూర్చోబెట్టి, తుంటి పక్కన చేతికి తగిలే ఎముక బొడిపె కింద ఒక అరచేయి అడ్డంగా పెట్టమన్నారు. మోకాలి చిప్పకు పైన మరో అరచేయి పెట్టమన్నారు. ఆ రెండింటి నడుమ మిగిలిన భాగంలో, తొడ బయటి వైపు, కొంచెం ముందుకు. అదీ చోటు. తొడ లోపలి వైపుకు ఎన్నడూ పోకూడదు, అక్కడ పెద్ద రక్తనాళాలున్నాయి. గాయం, వాపు, దద్దురు, గడ్డ ఉన్నచోట వేయకూడదు. ఒకసారి కుడితొడ అయితే మరోసారి ఎడమతొడ.

"కాలు వదులుగా పెట్టండి. బిగపడితే నొప్పి రెట్టింపు" అన్నారామె. స్పిరిట్ దూదితో తుడిచి, అది పూర్తిగా ఆరేవరకు ఆగాలి. నోటితో ఊదకూడదు. సూది నిటారుగా, ఒకే ఊపులో దిగాలి. మందు నిదానంగా, ఒక మిల్లీలీటరుకు పది అంకెలు లెక్కపెట్టేంత సేపు నెట్టాలి. సూది ఏ వాలున దిగిందో అదే వాలున తీయాలి. దూదితో అదిమి పట్టాలి గాని రుద్దకూడదు. సూది ఎంత పొడవుండాలో మనిషి కండను బట్టి వైద్యులే చెప్పాలి. బక్కపలచని వారికీ స్థూలకాయులకూ ఒకే సూది పనికిరాదు.

రెండుసార్లు ఆమె చేతి కింద, మూడవసారి ఆమె చూస్తుండగా నా చేతితో వేసుకున్నాను. నాలుగవసారి ఇంట్లో ఒంటరిగా. చీమ కుట్టినంత నొప్పి, అంతే. అల్హందులిల్లాహ్ అనుకున్నాను. చివరన ఆమె చెప్పిన మరో మాట మాత్రం చెవిని పెట్టలేదు. "వాడిన సూదికి మూత మళ్ళీ పెట్టకండి, మీ వేలికే గుచ్చుకుంటుంది. గట్టి డబ్బాలో వేయండి" అన్నారామె. మూత పెట్టలేదు. డబ్బా వెతకడానికి బద్ధకించి పాత న్యూస్ పేపరులో చుట్టి చెత్తకవరులో వేశాను.

మర్నాడు ఉదయం చెత్త తీసుకుపోయే పారిశుద్ధ్య కార్మికురాలు తలుపు తట్టింది. అరచేతిని చీరకొంగుతో అదుముకుని ఉంది. "అమ్మా, మీ కవర్లో సూది ఉన్నట్టుంది. చూసి వేయండమ్మా" అంది. కొంగు మీద నెత్తురు మరక.

నా నోట మాట రాలేదు. గాయాన్ని పిండకుండా, ధారగా పడే నీళ్ళ కింద సబ్బుతో కడిగించాను. ఆటోలో ప్రభుత్వ ఆస్పత్రికి తీసుకువెళ్ళాను. "సూది ఎవరికి వాడింది?" అని డ్యూటీ డాక్టరు అడిగారు. "నాకే" అన్నాను. ఇద్దరి రక్తమూ తీసుకున్నారు. హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, హెచ్ఐవి పరీక్షలు రాశారు. ఇలాంటి గాయమైతే ఆలస్యం చేయకుండా రావాలని, హెచ్ఐవి నివారణ మందులు అవసరమైతే 72 గంటలలోపే మొదలుపెట్టాలని ఆయన చెప్పారు. నా ఫలితాలు వచ్చేవరకు ఆ బల్లమీద ఆమె పక్కన కూర్చున్నాను. జీవితంలో మొదటిసారి నా రక్తం మరొకరికి విషం కాగలదేమోనన్న భయంతో దుఆ చేశాను.

అల్లాహ్ దయవల్ల నా పరీక్షల్లో ఏ దోషమూ కనిపించలేదు. ఆమెకు హెపటైటిస్ బి టీకా ఎన్నడూ వేయలేదని తెలిసి ఆనాడే మొదటి డోసు ఇచ్చారు. తర్వాతి డోసులకూ, తిరిగి చేయవలసిన పరీక్షలకూ నేనే వెంట వెళ్ళాను. ఆమె పోగొట్టుకున్న కూలి ఇచ్చాను. క్షమించమని అడిగితే ఆమె అన్న మాట ఇంకా చెవుల్లో ఉంది. "ఇది మీదని తెలిసింది గనక మీరొచ్చారమ్మా. ఎవరివో తెలియని సూదులు ఎన్ని గుచ్చుకున్నాయో, వాటికెవరొస్తారు?"

ఆదివారాల్లో మా వాడ ఆడపిల్లలకు నేను దీనీ పాఠాలు చెబుతుంటాను. దారిలోని హానికరమైన వస్తువును తొలగించడం ఈమాన్ శాఖల్లో ఒకటని ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) బోధించిన విషయం ఆ పిల్లలందరికీ వచ్చు. ముల్లు, రాయి, గాజుపెంకు అంటూ ఉదాహరణలు గడగడా చెబుతారు. ఆ వారం వాళ్ళు అప్పజెబుతుంటే నేను తల ఎత్తలేకపోయాను. దారిలోని ముల్లు తీయడం అటుంచి, నేనే ఒక ముల్లు పెట్టి వచ్చాను. పాఠం ముగిశాక జరిగినదంతా పిల్లలకు చెప్పాను. "సూది కూడా ముల్లే కదా టీచర్" అని ఒక పాప అంది. అవునన్నాను.

ఆనాటి నుంచి మా ఇంట్లో మందమైన ప్లాస్టిక్ డబ్బా ఒకటి ఉంది. మూత బిగుతుగా పట్టేది. దానిమీద పెద్ద అక్షరాలతో 'వాడిన సూదులు' అని రాశాను. సూది తొడలోంచి బయటికి వచ్చిన మరుక్షణం సిరంజితో సహా అందులోకి పోవాలి. పగిలిన ఆంప్యూల్ గాజు కూడా అందులోనే. పిల్లలకు అందని అలమరలో ఉంటుంది. ముప్పాతిక నిండితే మూతకు టేపు వేసి, అడిగి ఒప్పించుకున్న ఆస్పత్రిలో అప్పగిస్తాను. ఇంట్లో వాడిన సూదులను ప్రమాదకరమైన గృహ వ్యర్థాలుగా గుర్తించి విడిగా ఇవ్వాలని మన దేశపు 2016 ఘనవ్యర్థాల నియమాలు కూడా చెప్పాయి. ఇన్సులిన్ వాడే కుటుంబాలు మనలో ఎన్నో. నా డబ్బా చూసి మా వీధిలో మూడు ఇళ్ళవారు తమకూ ఒకటి పెట్టుకున్నారు.

నా అనుభవం విన్న కొందరు అక్కచెల్లెళ్ళు "మేమూ బలానికి వేసుకోవచ్చా?" అని అడుగుతుంటారు. వారికి చెప్పేది ఒక్కటే. ఎలా వేసుకోవాలి అన్నది రెండవ ప్రశ్న. వేసుకోవలసిన అవసరం ఉందా అన్నది మొదటి ప్రశ్న. పరీక్ష లేకుండా, చీటీ లేకుండా దుకాణంలో కొన్న 'బలం సూది' మందు కాదు, జూదం. అన్ని విటమిన్లూ ఒకటి కావు. బి12 ఎక్కువైతే చాలావరకు మూత్రంలో పోతుంది. డి విటమిన్ అలా పోదు. మన దగ్గర దొరికే ఆరు లక్షల యూనిట్ల డి విటమిన్ సూదిని తోచినప్పుడల్లా వేసుకుంటే రక్తంలో కాల్షియం పెరిగి మూత్రపిండాలు దెబ్బతింటాయి. బి1 కలిసిన సూదులు కొందరిలో తీవ్రమైన అలర్జీ కలిగిస్తాయి. రక్తం పలచబరిచే మాత్రలు వాడేవారికి కండరంలోకి సూది దిగితే లోపల నెత్తురు గడ్డకట్టవచ్చు. అలాంటివారు వైద్యుల అనుమతి లేకుండా సూది పట్టరాదు. సూది వేసిన చోట ఎరుపు, వేడి, వాపు రోజురోజుకూ పెరిగినా, చీము పట్టినా, జ్వరం వచ్చినా, కాలు మొద్దుబారినా ఇంటి చిట్కాలతో కాలయాపన చేయకూడదు. ముఖం వాచి ఊపిరి ఆడకపోతే ఒక్క నిమిషం ఆగకుండా ఆస్పత్రికి పరుగెత్తాలి. అందుకే సూది వేసుకునేటప్పుడు ఇంట్లో మరొకరు ఉండేలా నేను చూసుకుంటాను.

రంజాన్‌లో సూది సంగతి కూడా అడుగుతుంటారు. చికిత్స కోసం చర్మం కింద, కండరంలో, సిరలో ఇచ్చే ఇంజెక్షన్లతో ఉపవాసం భంగం కాదని, ఆహారంగా పనిచేసే ద్రవాలు మాత్రం దీనికి మినహాయింపని అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ 1997లో జిద్దాలో తీర్మానించింది. మీ సందర్భం గురించి మీకు నమ్మకమున్న ఆలిమ్‌ను అడిగి తెలుసుకోండి. నేను మాత్రం ఆ నెల సూదిని ఇఫ్తార్ తర్వాతకు పెట్టుకుంటాను. అది ఫత్వా కాదు, నా మనసు నెమ్మది కోసం.

నాలుగేళ్ళు గడిచాయి. నీరసం మూడు నెలల్లోనే తగ్గింది. నరాలు మాత్రం అంత త్వరగా కోలుకోవు. ఎడమపాదంలో రెండు వేళ్ళకు ఇప్పటికీ స్పర్శ పూర్తిగా లేదు. తొందరగా వచ్చి ఉంటే అవి కూడా దక్కేవేమోనని వైద్యురాలు అన్నారు. ఏడాదిపాటు మింగిన ఆ మాత్రల ఖరీదు ఆ రెండు వేళ్ళు.

మొన్న వేకువన మళ్ళీ నమాజులో ఉండగా కరెంటు పోయింది. అలవాటుగా చేయి గోడవైపు పోబోయింది. అవసరం కలగలేదు. చీకట్లోనే సజ్దాకు వంగి లేచాను. సలామ్ చెప్పి చేతులెత్తినప్పుడు నా కోసం అడగవలసినవి ఎన్నో ఉన్నా, ముందు ఆమె పేరే నోటికొచ్చింది. కాసేపటికి వీధిలో చెత్తబండి గంట వినిపించింది. కవరు నేనే అందించాను. ఆమె దాన్ని చేతిలోకి తీసుకుంటూ నా ముఖంలోకి చూసింది.

"లేదమ్మా, ఏమీ లేదు. నేను చూసే వేశాను" అన్నాను.